అప్‌డేట్: రాతియుగం తిండి కోసం ధాన్యాలు మానేయాలా అని అడిగాను కదా

ధాన్యాలు, పప్పులు, పాలు మొత్తం మానేసి రాతియుగం మనుషుల్లా బతకొచ్చా అన్న నా ప్రశ్నకు జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"అప్పట్లో ధాన్యమే తినలేదు" అన్న మాట నిలబడదు. జోర్డాన్‌లోని షుబైకాలో సుమారు 14,400 ఏళ్ల నాటి రొట్టె ముక్కలు దొరికాయి. వ్యవసాయం ఇంకా మొదలే కాలేదు! గలిలీ సరస్సు ఒడ్డున ఒహాలోలోనైతే దాదాపు 23,000 ఏళ్ల కిందటే అడవి బార్లీ ఏరుకొచ్చి రాతిమీద నూరుకున్నారు. ఇది తెలిశాక నా టెన్షన్ చాలావరకు పోయింది.

అందుకే ధాన్యాలు, పప్పులు ఉంచుకున్నాను. చక్కెర, ప్యాకెట్ తిళ్లు మానేశాను. రోజూ బాగా నడుస్తున్నాను, నిద్ర కుదుటపడింది. పాలు మానేస్తే కాల్షియం ఎలా అని అడిగినవాళ్లకు ప్రత్యేకంగా థాంక్స్. డాక్టర్‌తో మాట్లాడి పెరుగు మళ్లీ మొదలుపెట్టాను. రాతియుగం వాళ్లలా చెప్పుల్లేకుండా పరుగెత్తడం మాత్రం మడమ నొప్పి తగ్గాకే.