టెండర్‌లో చిన్న లోపాన్ని ఎంతవరకు చూసీచూడనట్టు వదిలేయవచ్చు?

టెండర్ కమిటీలో కొత్తగా చేరాను. టెక్నికల్ కవర్లు తెరిచాం. అందరికంటే మంచి ప్రణాళిక ఇచ్చిన సంస్థ, పాత పని పూర్తిచేసిన సర్టిఫికెట్ జత చేయలేదు. ఆ పని వివరాలు మాత్రం అనుభవం పట్టికలో రాసింది. అడిగి తెప్పించుకుందామని సగం మంది, రూల్ రూలేనని మిగతావాళ్లు.

అన్‌సిట్రాల్ (ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వాణిజ్య చట్ట కమిషన్) ప్రభుత్వ కొనుగోళ్ల కోసం ఇచ్చిన 2011 నమూనా చట్టం ప్రకారం బిడ్ సారాంశం మారనంతవరకు చిన్న తేడాలు, పొరపాట్లు ఉన్నా తిరస్కరించనక్కర్లేదు. లెక్కల తప్పులు దిద్దడం తప్ప ధర జోలికి పోకూడదు. మరి ఈ సర్టిఫికెట్ ఏ కోవలోకి వస్తుంది? బిడ్ గడువుకు ముందు తేదీతో ఉంటేనే తీసుకుంటామంటే సరిపోతుందా?

ఇంకో చిక్కు. ‘పని విధానం: 20 మార్కులు’ అని ఉందే తప్ప, ఎలా వేయాలో టెండర్ పత్రంలో లేదు. కవర్లు తెరిచాక ఇప్పుడు ఉప మార్కులు పెట్టుకోవడం నాకైతే అన్యాయంగానే అనిపిస్తోంది. ఇలాంటివి చూసినవాళ్లు మినిట్స్‌లో ఏం రాశారో కూడా చెప్పండి, ఆడిట్ తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.