అప్‌డేట్: కారు ఇన్సూరెన్స్‌లో ఫుల్ కవర్ తీసేద్దామనుకున్నా, తీయలేదు

పోయినసారి అడిగింది నేనే, 71 ఏళ్లొచ్చాయి, రిటైరయ్యాక కారు పెద్దగా తీయట్లేదు, 9 ఏళ్ల పాత బండి, ప్రీమియం మాత్రం పెరుగుతూనే ఉంది, ఒట్టి థర్డ్ పార్టీకి, అంటే మన బండికి కాకుండా ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి మాత్రమే ఇచ్చే పాలసీకి, మారిపోనా అని. అందరూ ఒకటే మాట అన్నారు, ముందు పాలసీ కాగితాలు చదవండి సార్ అని. నిజం చెప్పాలంటే ఇన్నేళ్లలో ఒక్కసారీ చదవలేదు, రెన్యువల్ మెసేజ్ రాగానే కట్టేయడమే.

చదివితే ఏం తేలిందంటే, నేనింకా రోజూ ఆఫీసుకి వెళ్తున్నట్టే రాసుంది! తిరిగే కిలోమీటర్లు కూడా అప్పటివే. ఫోన్ చేసి మార్పించా, కొంచెం తగ్గింది.

తర్వాత లెక్క వేసుకున్నా, కారు పూర్తిగా పోతే ఇన్సూరెన్స్ వాళ్లిచ్చేది కొత్త కారు ధర కాదు, పాత బండిగా దానికి కట్టిన విలువే, అందులో డిడక్టబుల్ (క్లెయిమ్‌లో మన జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తం) పోను చేతికొచ్చేదెంత, దానికోసం నేను అదనంగా కట్టేదెంత అని. నాకింకా గిట్టుబాటే అనిపించింది, ఎందుకంటే బండి పోతే ఇంకోటి కొనే డబ్బు పక్కన లేదు. అందుకే కవర్ ఉంచేసి, ప్రీమియం తగ్గుతుందని డిడక్టబుల్ మాత్రం పెంచా, చిన్న చిన్న గీతలకి ఎలాగూ క్లెయిమ్ చేయను, క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, పోతుంది కదా.

ఒక్కదానికి మాత్రం తటపటాయించా, షుగరు, పోయినేడు చేయించుకున్న కంటి ఆపరేషన్ సంగతి చెప్పాలా వద్దా అని. మా అబ్బాయి గట్టిగా అన్నాడు, అడిగినప్పుడు దాచితే రేపు క్లెయిమ్ దగ్గర అదే పట్టుకుంటారు నాన్నా అని. చెప్పేశా, ప్రీమియం ఏం మారలేదు. వాడి పేరు కూడా డ్రైవర్‌గా చేర్పించా, రాత్రిళ్లు వాడే నడుపుతాడు, ఎదురు లైట్లు నాకు పడవు.