అప్‌డేట్: అనలాగ్, డిజిటల్ గ్రౌండ్‌లను ఎక్కడ కలపాలన్న ప్రశ్నకు పరిష్కారం దొరికింది
లోడ్ సెల్ (బరువును కొలిచే సెన్సర్) బోర్డులో ఎస్‌పీఐ (చిప్‌ల మధ్య డేటా పంపే లైన్లు) క్లాక్ నడిచినప్పుడల్లా 24 బిట్ల ఏడీసీ (అనలాగ్ సిగ్నల్‌ను అంకెలుగా మార్చే చిప్) రీడింగులు చెదిరిపోతున్నాయని, గ్రౌండ్‌లను ఎక్కడ కలపాలని ఇంతకుముందు అడిగాను. ఆ బోర్డులో అనలాగ్, డిజిటల్ గ్రౌండ్‌లు (కరెంటు తిరిగి వెళ్లే రాగి పొరలు) మధ్యలో చీలికతో వేరుగా ఉండి, పవర్ కనెక్టర్ దగ్గర మాత్రమే కలిసేవి. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. గ్రౌండ్‌లను పవర్ కనెక్టర్ దగ్గర కాకుండా ఏడీసీ దగ్గరే కలపమన్న సూచన ఫలించింది. ఎస్‌పీఐ ట్రాక్‌లు గ్రౌండ్ చీలికను దాటుతున్నందున, వాటి కిందుగానే తిరిగి రావలసిన కరెంటు కనెక్టర్ దాకా చుట్టుతిరిగి వచ్చేది. ఆ పెద్ద వలయం వల్లనే రెండు గ్రౌండ్ పిన్‌ల మధ్య వోల్టేజి తేడా ఏర్పడేది. ఏడీసీ పక్కన, చీలికకు అడ్డంగా రాగి రేకు సోల్డర్ చేయగానే రీడింగు నిలకడగా మారింది. అందుకే కొత్త బోర్డులో చీలికే ఉంచలేదు: గ్రౌండ్ ప్లేన్ ఒక్కటే, అనలాగ్ భాగాలు ఒక వైపు, డిజిటల్ భాగాలు మరో వైపు. అధిక పౌనఃపున్యంలో ఇంపెడెన్స్ (కరెంటుకు ఎదురయ్యే అడ్డు) పెంచే ఫెరైట్ బీడ్‌తో గ్రౌండ్‌లను కలపడం ఇక్కడ పనికిరాలేదు. ఏడీసీకి కొలమానంగా స్థిర వోల్టేజి ఇచ్చే రిఫరెన్స్ చిప్‌కూ ఈ సమస్యకూ సంబంధం లేదని తేలింది.