అందరం కలిసి ఒకే ఆర్కిడ్: డెండ్రోబియమా, మన బదనికా?

నెల్లూరు మిద్దెతోట

తొమ్మిది మందిమి తలా ఒక ఆర్కిడ్ పెంచి, నెలనెలా ఫొటోలు పెట్టుకుని పోల్చుకుందాం అనుకున్నాం కదా. ఏ రకం అన్న దగ్గరే వారం నుంచి ఆగిపోయాం. చివరికి మిగిలినవి మూడు: ఫెలనాప్సిస్, డెండ్రోబియం హైబ్రిడ్, మన వైపు మామిడి చెట్ల మీద కనిపించే వాండా టెస్సెలాటా, అదే మనం బదనిక అనేది.

నా మాట ముందే చెప్పేస్తాను. ఫెలనాప్సిస్ వద్దు. రెండు కొమ్మల నిండా పూలున్న మొక్క కొన్నాను. ఆ పూలు రెండు నెలలు నిలిచాయి. తర్వాత మూడేళ్లు ఆకులు తప్ప పూత లేదు. ఆ మొక్క పూలకాడ వేయాలంటే కొన్ని వారాలపాటు వేడి 25 డిగ్రీల దగ్గరికి దిగాలి, 28 దాటితే కాడ రాదు. మనకు జనవరి మధ్యాహ్నం కూడా 29, 30 ఉంటుంది.

డెండ్రోబియం హైబ్రిడ్ అయితే టిష్యూ కల్చర్ మొక్కలు, అంటే తల్లి మొక్క ముక్క నుంచి ల్యాబ్‌లో పెంచినవి, దొరుకుతాయి. ఒకే నర్సరీలో, ఒకే బ్యాచ్‌లో తొమ్మిదీ తీసుకుంటే అన్నీ ఒకే తల్లి మొక్కవి. అప్పుడు నా మొక్కకీ మీ మొక్కకీ తేడా వచ్చిందంటే అది నీళ్ల తేడా, నీడ తేడా, చేతి తేడా. పోల్చుకోవడానికి కావలసింది అదే.

ఉదయగిరి మామిడితోట

అన్నా, మీ లెక్క అర్థమైంది. కానీ తొమ్మిది మందిమి ఏడాది కష్టపడి తేల్చేది హైబ్రిడ్ డెండ్రోబియం ఎండకు ఎట్టా తట్టుకుంటుందనా? అది నర్సరీ వాళ్లకు ఎప్పుడో తెలుసు. మన మొక్క గురించి మనమే రాసుకోకపోతే ఇంకెవరు రాస్తారు?

మా తోటలో మా నాయన కాలం నాటి మామిడి మీద వాండా ఉంది. చిన్నప్పుడు ఏటా కూలీలతో దాన్ని గీకించేవారు. ఎందుకంటే ఊళ్లో దాన్నీ బదనికే అంటారు, చెట్టు రసం పీల్చే మొక్కనీ బదనికే అంటారు. పేరు ఒకటి కావడంతో దీనికి శిక్ష పడింది. రసం పీల్చేది కొమ్మ లోపలికి వేరు దింపుతుంది. వాండా వేరు బెరడును పట్టుకుని ఉంటుంది, అంతే. వేలితో మెల్లగా లేపి చూశాను, కింద గాయం లేదు. ఆ వేరు మీద చెంబుడు నీళ్లు పోస్తే చూస్తుండగానే వెండి రంగు పోయి ఆకుపచ్చగా మారుతుంది. రోహిణి కార్తెలో దానికి నీళ్లు పోసే మనిషే లేడు, అయినా బతికే ఉంది.

పూల మీద గోధుమ రంగు గళ్లు, మధ్యలో ఊదా పెదవి, మంచి వాసన. మొక్కల శాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ 1795లోనే మన కోరమాండల్ తీరపు మొక్కల్లో దీన్ని బొమ్మతో సహా వర్ణించాడు. అంత పాత పరిచయం ఉన్న మొక్కను పక్కన పెట్టి దుకాణం మొక్క తెచ్చుకుందామా?

గిద్దలూరు

అక్కా, మీ చెట్టు మీద మొక్క మీదే, దానికి అడ్డు చెప్పను. మిగతా ఎనిమిది ఎక్కడి నుంచి వస్తాయి? నల్లమలలో గీకి తెచ్చి రోడ్డు పక్కన అమ్మేవాళ్లను చూశాను, వేర్లు సగానికి తెగి ఉంటాయి. రిజర్వు ఫారెస్టులోంచి మొక్క పీకడం నేరం. నేరం సంగతి పక్కన పెట్టినా, తొమ్మిది మొక్కల కోసం తొమ్మిది చెట్లు గీకితే ఆ మొక్క మీద మనకున్న ప్రేమ ఏ పాటిది?

విత్తనం వేద్దామంటే ఆర్కిడ్ విత్తనం దుమ్ములా ఉంటుంది. మొలకకు కావలసిన తిండి అందులో ఉండదు. అడవిలో ఒక రకం బూజు తోడైతేనే మొలుస్తుంది. ల్యాబ్‌లో అయితే చక్కెర కలిపిన జెల్లీ మీద, సీసాలో. పూతకు ఏళ్లు పడుతుంది. ల్యాబ్‌లో పెంచిన వాండా ఎక్కడైనా దొరికితే మాత్రం నా ఓటు దానికే.

కావలి

ఏసీ గదిలో పెడితే ఫెలనాప్సిస్ పూస్తుంది కదా?

ఒంగోలు బాల్కనీ

పూయొచ్చు సార్, కానీ తొమ్మిది మందికీ రాత్రీ పగలూ ఏసీ నడవదు. నాకున్న టెన్షన్ వేరు. రకం గురించి ఇంత మాట్లాడుతున్నాం, నీళ్ల గురించి ఒక్కరూ అనలేదు. మా బోరు నీళ్లకు టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క) మీటరు పెడితే 900 చూపిస్తుంది. పోయిన ఏడాది వాటితోనే పోశాను. రెండు నెలలకు కుండీలో మట్టికి బదులు వేసిన బొగ్గు మీద తెల్లటి పొర కట్టింది, వేరు కొనలన్నీ నల్లబడ్డాయి. ఆ తర్వాత ఏసీ నుంచి కారే నీళ్లు, వాన నీళ్లు పట్టి పోస్తే కొత్త వేర్లు వచ్చాయి. ఏ మొక్క తెచ్చినా ప్రతి ఒక్కరూ తమ నీళ్ల టీడీఎస్ రాయాలి. ఆర్వో మిషను బయటికి వదిలేసే నీళ్లు అసలు వాడొద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది. కొబ్బరి పీచులో కూడా ఉప్పు ఉంటుంది, రెండు మూడు సార్లు కడగందే వాడకండి.

నెల్లూరు మిద్దెతోట

గిద్దలూరు తమ్ముడి మాటతో నాకు ఇక సందేహం లేదు. గీకి తెచ్చిన మొక్కలైతే నేను ఈ పనిలో ఉండను. కానీ అక్క అన్నదీ నిజమే. వాండాను వదిలేస్తే మన దగ్గర ఉన్నదాన్ని మనమే చూడనట్టు అవుతుంది. అందుకని తొమ్మిది మందిమీ డెండ్రోబియం పెంచుదాం. అక్క మాత్రం చెట్టు మీద ఉన్న వాండాను కదపకుండా దాని లెక్క కూడా పక్కనే రాయాలి: కొత్త ఆకు, కొత్త వేరు, పూత, ఎండిన రోజులు.

ఇక ఎప్పుడు తెచ్చుకోవాలన్నది. వీడియోల్లో అందరూ జూన్‌లో వానలు మొదలవగానే నాటమంటారు. ఆ మాట కేరళకు సరిపోతుంది. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరులో. జూలైలో తెచ్చిన మొక్క ఇంకా కుదురుకోకముందే తుపాను వస్తుంది. నాకు అదే జరిగింది. నవంబరులో నాలుగు రోజులు వదలని ముసురు. కుండీలన్నీ కొబ్బరి పీచువే. ఐదో రోజు కొత్త పిలకను పట్టుకుంటే చేతిలోకి వచ్చేసింది, మొదలు గోధుమ రంగుకు తిరిగి మెత్తబడి, కుళ్లిన వాసన. ఆరు మొక్కల్లో నాలుగు పోయాయి. మిగిలిన రెండూ చూరు కింద ఉన్నవి.

సంక్రాంతి వెళ్లగానే తెద్దాం. ఎండ ముదిరేలోపు వేరు పట్టుకోవడానికి మూడు నెలలు దొరుకుతాయి. బొగ్గు, పెంకు ముక్కలే వాడదాం, పీచు వద్దు. మేలో బొగ్గు మధ్యాహ్నానికే ఆరిపోతుంది, అప్పుడు రెండు పూటలా పోయాలి. ఆ పని నేను పడతాను కానీ నవంబరులో కుళ్లు మళ్లీ చూడలేను. షేడ్ నెట్ (నీడ వల) ఎండను 50 శాతం ఆపేదా, 75 శాతం ఆపేదా అన్నది మాత్రం ఎవరి మిద్దెకు తగ్గట్టు వాళ్లు వేసుకుని రాయండి.

ఒంగోలు బాల్కనీ

బొగ్గుకు సరే. మాకు పడమటి ఎండ, నేను 75 వేస్తాను.

ఉదయగిరి మామిడితోట

గిద్దలూరు తమ్ముడూ, నువ్వు చెప్పేదాకా మిగతా ఎనిమిది ఎక్కడివి అని నేను ఆలోచించనే లేదు. డెండ్రోబియం నాకూ ఒకటి తీసుకోండి. దాన్ని ఆ మామిడి కిందే వేలాడదీస్తాను, ఒకే నీడలో రెండూ ఎట్టా ఉంటాయో చూద్దాం. కూలీలకు ఈ ఏడు గీకొద్దని చెప్పాను. పొద్దున వెళ్లి చూస్తే వాండాకు కొత్త వేరు గోరంత బయటికి వచ్చింది, కొన పచ్చగా ఉంది. రేపు ఫొటో పెడతా.