ఎర్రగడ్డ (ఉల్లి) వేరు స్లైడ్‌లో మైటాసిస్ (కణ విభజన) కనపడట్లా

నెల్లూరులో బీఎస్సీ చదువుతున్నా. అసిటోకార్మిన్ (క్రోమోజోములకి రంగు పట్టించే స్టెయిన్) వేసినా పొడుగు కణాలే తప్ప క్రోమోజోములు లేవు. పైగా ఈ ఎండలకి గడ్డ రెండో రోజే కుళ్లుతోంది. ఏం చేయాలన్నా?

జవాబు 1 (ఒంగోలు): పొడుగు కణాలంటే కొన వదిలేసి పైభాగం తీశావన్నమాట. విభజన జరిగేది చివరి 2 మి.మీ.లోనే. స్టెయిన్ పట్టాక ఆ ముక్కే ముదురు ఎరుపుగా తేలుతుంది, మిగతాది కోసి పారెయ్. వేళ్లు ఉదయం 8–10 మధ్య కోసి, 3 పాళ్లు ఆల్కహాల్, 1 పాలు గ్లేసియల్ అసిటిక్ ఆసిడ్ కలిపిన ద్రవంలో 24 గంటలు ఉంచు. తర్వాత 70% ఆల్కహాల్‌లోకి మార్చు.

జవాబు 2: అన్న చెప్పింది కరెక్టే గానీ, 1 నార్మల్ గాఢత ఉన్న హెచ్‌సీఎల్‌ (హైడ్రోక్లోరిక్ ఆసిడ్)లో 60 డిగ్రీల దగ్గర 5–8 నిమిషాలు పెట్టకపోతే కణాలు విడిపోవు, గుట్టగా ఉంటాయి. ఆసిడ్ బాగా కడుగు, లేకుంటే రంగు పట్టదు. కవర్‌స్లిప్ మీద బ్లాటింగ్ పేపర్ పెట్టి బొటనవేలితో నిలువుగా నొక్కు. పక్కకి జరిగిందా, అంతా చిందరవందరే.

జవాబు 3: కుళ్లు సంగతికొస్తే, పాత ఎండు వేళ్లు బ్లేడుతో గీకెయ్. గడ్డ అడుగు మాత్రమే నీటికి తగలాలి. రోజూ నీళ్లు మార్చు. మెటాఫేజ్ (క్రోమోజోములు కణం మధ్యలో వరస కట్టే దశ) దొరికితే క్రోమోజోములు లెక్కపెట్టి చూడు, 16 రావాలి.