‘సినిమా బాగా లాగింది’ అంటే నచ్చిందనా, సాగిందనా?

ఒడిశాలో పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ వైపు ఉన్న తెలుగువాళ్ళకి ఒక ప్రశ్న. సినిమా చూసిన మనిషి ‘లాగింది’ అంటే మీకు ఏమని తోస్తుంది?

ఎందుకడుగుతున్నానంటే, మా వీధిలో ఉండే ఒడియా మాస్టారొకరూ నేనూ ఎక్స్-ఫైల్స్ సీరియల్‌కి పాత భక్తులం. ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు అంతుపట్టని వింత కేసులు తవ్వే అమెరికన్ సీరియల్ అది. మొన్న ఆయనింట్లో దాని రెండో సినిమా పెట్టుకున్నాం, 2008లో వచ్చిన ‘ఐ వాంట్ టు బిలీవ్’. టెక్కలి నుంచి మా బావమరిది వచ్చివుంటే వాణ్ణీ లాక్కెళ్ళాను. వాడికి ఆ సీరియల్ తెలీదు, ఒడియా అంతకన్నా తెలీదు. సినిమా అయ్యాక మాస్టారి భార్య టీ గ్లాసులు అందిస్తూ "కెమితి లాగిలా?" అన్నారు. ఎలా అనిపించింది అని. మావాడి చెవిన పడింది ‘లాగిలా’ ఒక్కటే. మొహం వేలాడేసుకుని "అవునండీ, బాగా లాగింది" అన్నాడు. ఆవిడ "భల లాగిలా!" అని, అంటే బాగా నచ్చిందట అని మురిసిపోయి, వాడి పళ్ళెంలో ఇంకో రెండు బిస్కెట్లు వేశారు.

ఒడియాలో ‘లాగిబా’ అంటే తగలడం, అంటుకోవడం, అనిపించడం. హిందీ ‘లగ్‌నా’ దీనికి తోబుట్టువే. రెండూ సంస్కృతంలోని ‘లగ్’ ధాతువు దగ్గర్నుంచి వచ్చినవే. మన లాగడం పూర్తిగా వేరు, అది ఈడ్చడం. ఇవి చాలనట్టు కుర్రాళ్ళ రివ్యూల్లో ఇంగ్లీషు ‘ల్యాగ్’ ఒకటి తయారైంది. "సెకండాఫ్ ల్యాగ్ ఉంది బ్రో" అని వినని వాళ్ళుండరు. మావాడి నోట్లోంచి వచ్చిన ‘లాగింది’ ఈ మూడింట్లో ఏదని అడిగితే వాడే చెప్పలేకపోయాడు.

నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ ఆ సినిమాకి ప్రపంచమంతా వచ్చిన స్పందన చూస్తే ఈ గందరగోళం దానికి భలే అతికింది.

సీరియల్ 1993 సెప్టెంబరులో మొదలై 2002 మే నెలలో ముగిసింది. (2016లో, 2018లో మళ్ళీ వచ్చింది, అది తర్వాతి సంగతి.) 2002 నాటి ఆఖరి ఎపిసోడ్‌లో, 2012 డిసెంబరు 22న గ్రహాంతరవాసులు భూమి మీదికి దిగి ఆక్రమించుకుంటారని చెప్పి వదిలేశారు. అభిమానులు ఆరేళ్ళు ఆ ముడి ఎప్పుడు విప్పుతారా అని కూచున్నారు. తీరా 2008 జూలై 25న సినిమా వస్తే, దర్శకుడు క్రిస్ కార్టర్ ఆ ముడి జోలికే పోలేదు. మంచుదేశంలో మాయమైన ఒక ఎఫ్‌బీఐ ఏజెంటు, తనకి దృశ్యాలు కనిపిస్తున్నాయని చెప్పే పాపిష్టి మాజీ మతగురువు, మనుషుల అవయవాలు కోసుకునే ముఠా. కళ్ళలోంచి రక్తం కారే ఆ ముసలాయన్ని నమ్మాలా వద్దా అన్నదే కథ. సీరియల్లో ఏ వారానికావారం అయిపోయే ఎపిసోడ్‌లా ఉంటుంది. పైగా అంతకు వారం ముందే ‘ది డార్క్ నైట్’ థియేటర్లను ఆక్రమించేసింది. అమెరికాలో తొలి వారాంతం వసూళ్ళు సుమారు కోటి డాలర్లు. ప్రపంచం మొత్తం మీద 1998 నాటి మొదటి సినిమాకి సుమారు 19 కోట్ల డాలర్లు వస్తే, దీనికి 6.8 కోట్లు. ఖర్చు 3 కోట్లే కనక పరువు దక్కింది.

విమర్శకుల్లో ఎక్కువమంది పెదవి విరిచారు. రోజర్ ఎబర్ట్ మాత్రం నాలుక్కి మూడున్నర నక్షత్రాలిచ్చాడు. అభిమానుల్లో కథ ఈడ్చాడన్నవాళ్ళున్నారు, సీరియల్ జంట ముల్డర్, డాక్టరమ్మ స్కల్లీ ఒకే ఇంట్లో కాపురం ఉండటం చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళూ ఉన్నారు. మొదటివాళ్ళకి తెలుగులో లాగింది. రెండోవాళ్ళకి ఒడియాలో లాగింది.

మీ వైపు ఈ మాట ఎలా వాడతారో చెప్పండి.

బరంపురం సభ్యురాలు:
మా ఇంట్లో రోజూ ఉండే గొడవే ఇది. మా గుంటడు ఒడియా మీడియం. స్కూలు నుంచి వచ్చి "అమ్మా, నాకు ఆకలి లాగుతోంది" అంటాడు. వాళ్ళ స్నేహితులంతా "మోతె భోక లాగుచి" అంటారు కదా, దాన్నే తెలుగు చేసుకున్నాడు. నిద్రా అంతే, చలీ అంతే. "నిద లాగుచి", "థండా లాగుచి". మా అత్తగారు శ్రీకాకుళం మనిషి. "ఏట్రా, ఆకలి లాగడమేటి? ఆకలి వేస్తాది, లేపోతే అవుతాది" అని వాడి మీద కేకలు. పోనీ ఆవిణ్ణి సినిమా ఎలాగున్నాదని అడిగితే "అలాగున్నాది" అంటారు. దానికి అర్థం ఎవరు చెప్తారు?

గుణుపురం నుంచి రిటైర్డ్ తెలుగు మాస్టారు:
అమ్మా, మీవాడి మాటలో తప్పు వెతికే ముందు మన క్రియలు చూడండి. మనకి భయం వేస్తుంది, ఆశ్చర్యం వేస్తుంది, జాలి వేస్తుంది. కోపం మాత్రం వస్తుంది. నిద్రా వస్తుంది. విసుగు పుడుతుంది. ఏది వేస్తుందో, ఏది వస్తుందో చెప్పే సూత్రం నేను పాఠం చెప్పినన్నాళ్ళూ నాకు దొరకలేదు. ఒడియావాళ్ళు ఆ బాధ లేకుండా భయాన్నీ ఆకలినీ నిద్రనీ చలినీ ఒక్క ‘లాగు’తో కానిచ్చేశారు. గమనించాల్సింది ఇంకొకటి. అక్కడ ‘మోతె’, ఇక్కడ ‘నాకు’. రెండు భాషల్లోనూ భయపడే మనిషి వాక్యానికి కర్త కాడు. భయమే కర్త, మనిషి దాని పాలబడేవాడు.

ఇక ‘లగ్’ ధాతువు మనకి పరాయిది అనుకోవద్దు. పెళ్ళి లగ్నం అందులోంచి వచ్చిందే. ‘మనసు లగ్నం కావడం లేదు’ అంటాం చూడండి, అది అచ్చంగా ఒడియా ‘లాగిలా నాహి’కి దగ్గర చుట్టం. మీరు చెప్పిన సినిమా నేను చూడలేదు గాని, మీ బావమరిదిగారికి మనసు లగ్నం కాలేదని నా తీర్పు.

విశాఖపట్నం సభ్యుడు:
క్షమించాలి. ఇది తెలుగు భాష మీద చర్చ కదా. ఒడియా కలిసిపోయిన మాటని తెలుగు పేరుతో చర్చించడం ఎందుకు? ‘ఆకలి లాగుతోంది’ తప్పు, అంతే. పిల్లలకి సరైన మాట నేర్పాలి.

నా జవాబు:
తమ్ముడూ, మీరు ఎవరి ఊళ్ళో నిలబడి ఈ మాట అంటున్నారో చూసుకోండి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మాది. జనం నోట్లో ఉన్నదే భాష అని ఆయన పోట్లాడింది, కొండమీది సవరల మాట నేర్చుకుని నిఘంటువు కట్టింది ఇక్కడ ఉండే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న మనందరం భాషా దినోత్సవం చేసుకుంటాం, మర్నాటికి మళ్ళీ తప్పొప్పుల బెత్తం పట్టుకుంటాం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీత భూమ్మీద గీశారు. నోళ్ళ మధ్య గీయడం ఎవరి వల్లా కాలేదు. ఆ పిల్లాడు పరీక్షలో ఎలా రాయాలో వాళ్ళ నాయనమ్మ చెప్తుంది, దాని గురించి మీకు టెన్షన్ వద్దు.

రాయగడ సభ్యుడు:
అన్నయ్యా, అసలు తెలుగు ‘లాగు’ని మీరు తక్కువ అంచనా వేశారు. ఈడ్చడం ఒక్కటే కాదు. కాళ్ళు లాగుతున్నాయంటే నొప్పి. పెరుగన్నం లాగించేశాడంటే తినడం. ఎలాగోలా సంసారం లాక్కొస్తున్నామంటే బతకడం. హాస్టల్లో ఉన్న పిల్ల మీదికి ప్రాణం లాగుతోందంటే బెంగ. అభిమానుల సంగతి ఈ చివరిదే. ఆరేళ్ళు ప్రాణం లాగింది కాబట్టే టికెట్టు కొన్నారు. లోపలికెళ్ళాక కథ లాగింది. మొదటి లాగుడు లేనివాడికి రెండోది అంత బాధ పెట్టదు. మీ బావమరిది మొహం వేలాడేశాడేగాని తిట్టలేదు కదా!

నా జవాబు:
తిట్టలేదు. తిట్టింది నేనే. వాడు నిద్రపోయాడు. మాస్టారు వాడి వైపు చూపించి "డర లాగిలా కి?" అంటే భార్యే చెప్పింది, "నాహి, నిద లాగిలా" అని. భయం అంటుకోలేదు, నిద్ర అంటుకుంది. ఆ సినిమా మీద నేను చదివిన పెద్ద పెద్ద సమీక్షలన్నీ ఇంతకన్నా ఎక్కువ ఏమీ చెప్పలేదు.

మీ ప్రాణం లాగడం మాత్రం నాకు బాగా పట్టింది. సినిమా పేరే తీసుకోండి. ముల్డర్ ఆఫీసు గోడ మీద ఎగిరే పళ్ళెం బొమ్మ కింద ఉండే వాక్యం అది. తెలుగులో ‘నమ్మాలని ఉంది’ అంటాం. కానీ ఉండటం వేరు, బుద్ధి కావడం వేరు. ‘తినాలనుంది గాని తినబుద్ధి కావట్లేదు’ అని జ్వరం వచ్చినవాడు అంటే మనలో ఎవరికీ వింతగా ఉండదు. కోరిక ఉంది, లోపలి మనిషి ఒప్పుకోడు. ఈ ‘బుద్ధి’ని మనం ఎక్కువగా కాదనడానికే వాడతాం. చూడబుద్ధి కాలేదు, వెళ్ళబుద్ధి కాలేదు, మాట్లాడబుద్ధి కాలేదు. అభిమానులకి ఈ సినిమాని ప్రేమించాలనే ఉంది. ప్రేమించబుద్ధి కాలేదు. స్కల్లీ కూడా ఆ ముసలాయన విషయంలో రెండింటి మధ్యే నలిగింది. నమ్మితే తన దగ్గరున్న జబ్బు పిల్లాడికి ప్రమాదకరమైన వైద్యం కొనసాగించే ధైర్యం వస్తుంది, కానీ ఆయన చేసిన పాపం తలుచుకుంటే నమ్మబుద్ధి కాదు. ఆ ఒక్క పాయ కోసం నేను ఈ సినిమాని ఇంకోసారైనా చూస్తాను. ఏలియన్లు రాలేదని ఏడ్చినవాళ్ళు దీన్ని చూడనే లేదని నా ఉద్దేశం.

బరంపురం సభ్యురాలు:
మీరు స్కల్లీ పక్షం అన్నమాట. అయితే మీరు ‘షిప్పర్’. ఆ మాట పుట్టింది ఈ సీరియల్ అభిమానుల్లోనే, తెలుసా? వాళ్ళిద్దరికీ ‘రిలేషన్‌షిప్’ కుదరాలనేవాళ్ళు తొంభైల్లో తమని తాము ‘రిలేషన్‌షిప్పర్లు’ అనుకున్నారు, అది తెగి ‘షిప్పర్’ అయింది. వద్దనేవాళ్ళు ‘నోరోమో’లు, రొమాన్స్ వద్దని. ఇప్పుడు మన పిల్లలు ఏ హీరోనో ఏ హీరోయిన్‌తోనో ‘షిప్ చేస్తున్నాం’ అంటుంటే పెద్దవాళ్ళు ఓడల గురించి అనుకుంటున్నారు.

విశాఖపట్నం సభ్యుడు:
సరే, ‘షిప్ చేయడం’ని అనుమతించాక ‘ఆకలి లాగడం’ని ఆపే హక్కు నాకు లేదు. ఒప్పుకుంటున్నాను. కాకపోతే ఒక సందేహం. ‘సినిమా నాకు లాగింది’ అంటే ఒడియా అర్థం, ‘నాకు’ లేకుండా ‘సినిమా లాగింది’ అంటే తెలుగు అర్థం అని విడదీయొచ్చా?

గుణుపురం నుంచి రిటైర్డ్ తెలుగు మాస్టారు:
భేష్. ఇదీ ప్రశ్నంటే. ‘నాకు’ చేరగానే అది అనుభవం, చేరకపోతే సినిమా మీద ఆరోపణ. మా పేటలో ఇద్దరు ముగ్గుర్ని అడిగి చూశాను, ‘నాకు బాగా లాగింది’ అంటే నచ్చిందనే చెప్పారు. అయితే వాళ్ళంతా ఇంట్లో రెండు భాషలూ మాట్లాడేవాళ్ళు. కొరాపుట్, జయపురం వైపు ఎలా ఉందో అటువాళ్ళెవరైనా చెప్పాలి.

నా జవాబు:
మాస్టారూ, మా బావమరిది ‘నాకు’ అనలేదు. కాబట్టి ఆ రెండు బిస్కెట్లూ వాడికి అన్యాయంగా దక్కాయి. జయపురం వాళ్ళు రాయండి. పనిలో పనిగా, మీ దగ్గర ‘దయ్యం లాగింది’ అంటారా, ‘పట్టింది’ అనే అంటారా, అదీ చెప్పండి.