కొత్త మోర్గాన్ చూశారా? అసలు అది ఇంకా మోర్గానేనా?

తెనాలి_టు_కవెంట్రీ:
అందరికీ నమస్తే. మాది తెనాలి, ఉండేది ఇంగ్లాండ్‌లోని కవెంట్రీలో, కార్ల విడిభాగాలు చేసే చోట ఉద్యోగం. ఇక్కడికి వచ్చిన కొత్తలో వూస్టర్ దగ్గర ఒక పెట్రోల్ బంకులో మొదటిసారి మోర్గాన్ కారు చూశాను, ఇక్కడి మాల్వెర్న్‌లో చేత్తో చేసే స్పోర్ట్స్ కారు. ముదురు ఆకుపచ్చ రంగు, పొడుగాటి ముక్కు, బానెట్ మీద నుంచి తోలు బెల్టు కట్టి ఉంది, పక్కన డెబ్భై దాటిన పెద్దాయన పెట్రోల్ కొట్టించుకుంటున్నాడు. ఇది ఏ సంవత్సరం బండి సార్ అని అడిగితే "పోయినేడు కొన్నా" అన్నాడు. నేనేమో 1950ల నాటిది, బాగా చూసుకుంటున్నాడు అనుకున్నా. అదిగో, ఆ రోజు పట్టిన పిచ్చి ఇంకా వదల్లేదు.

ఇప్పుడు సంగతేంటంటే 2025 మార్చిలో సూపర్‌స్పోర్ట్ అని కొత్తది వచ్చింది కదా, ప్లస్ సిక్స్ అనే మోడల్ స్థానంలో. దాన్ని ఈ మధ్య దగ్గర నుంచి చూసే అవకాశం దొరికింది. బాగుందా అంటే బాగుంది, కానీ నాకు ఆ పెట్రోల్ బంకు ఫీలింగ్ రాలేదు. మడ్‌గార్డులు నున్నగా ఒంట్లో కలిసిపోయాయి, లైట్లు మారాయి, పైన తీసిపెట్టుకునే గట్టి టాప్ కూడా ఉంది. ధర లక్ష పౌండ్లు దాటింది కాబట్టి అది కొనే టెన్షన్ నాకు లేదులెండి. నేను చూస్తున్నది సెకండ్ హ్యాండ్. 2020తో ఆగిపోయిన ఇనుప ఛాసిస్ (అంటే బాడీ కింద ఉండే చట్రం) ప్లస్ 4 తీసుకోవాలా, ఆ తర్వాత అల్యూమినియం ఛాసిస్ మీద వచ్చిన ప్లస్ ఫోర్ తీసుకోవాలా? (పాతదానికి అంకె, కొత్తదానికి అక్షరాలు, పేరులో తేడా అంతే, వాళ్ళ హాస్యం వాళ్ళది.) కంపెనీ ఇలా మారుతూ పోతుంటే పాతది కొనడమే తెలివేమో అనిపిస్తోంది. మీరేమంటారు?

పద్మిని78:
బాబూ, కళ్ళు మూసుకుని పాతది తీసుకో. నేను హైదరాబాద్‌లో నలభై ఏళ్ళుగా పాత బండ్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి, ఒక్క మోర్గాన్ కూడా నా చేతుల్లోకి రాలేదు, అది వేరే బాధ. కానీ ఆ కంపెనీ గురించి దొరికినదల్లా చదివాను. 1909లో హెచ్.ఎఫ్.ఎస్. మోర్గాన్ మొదటి మూడు చక్రాల బండి చేశాడు, తర్వాత కొడుకు పీటర్, తర్వాత మనవడు చార్లెస్. మూడు తరాలు ఒకే ఊరు, మాల్వెర్న్. 2019లో మెజారిటీ వాటా ఇటలీ వాళ్ళ పెట్టుబడి సంస్థ ఇన్వెస్ట్‌ఇండస్ట్రియల్ చేతికి వెళ్ళింది. ఆ వార్త చదివినప్పుడే అనుకున్నా, ఇక చూపు మారుతుందని. పెట్టుబడి పెట్టినవాడికి లెక్క కావాలి, లెక్క రావాలంటే కొత్త కస్టమర్ కావాలి, కొత్త కస్టమర్‌కి ఏసీ కావాలి, స్క్రీన్ కావాలి, ఆటోమేటిక్ గేరు కావాలి. సూపర్‌స్పోర్ట్‌లో అసలు మాన్యువల్ గేరే లేదు, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ ఒక్కటే. మోర్గాన్‌లో ఆటోమేటిక్ ఏమిటయ్యా, ఆవకాయలో చక్కెర వేసినట్టు!

కొత్తదనం తప్పని నేను అనను. ఇటలీ కార్ల డిజైన్ సంస్థ పినిన్‌ఫరీనా వాళ్ళతో కలిసి 2024లో మిడ్‌సమ్మర్ చేశారు, 50 కార్లే, అద్దం లేదు, టాప్ లేదు, చూస్తే నాకు నోట మాట రాలేదు. అందం అంటే అదీ. నా గొడవల్లా ఈ మధ్యరకం మీదే. అటు పాతదీ కాదు, ఇటు పూర్తిగా కొత్తదీ కాదు.

పదమూడో_నంబర్_పానా:
పద్మిని గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, "ఒకప్పుడు మారలేదు, ఇప్పుడే మారుతోంది" అన్నది నిజం కాదండీ. ఈ కంపెనీ కొత్త ఆకారం తెచ్చినప్పుడల్లా ఇదే గోల.

1963లో ప్లస్ ఫోర్ ప్లస్ అని ఒకటి తెచ్చారు. ఫైబర్‌గ్లాస్ బాడీ, మూసిన టాప్, ఆ రోజుల్లో అందరూ చేస్తున్న పద్ధతి. పాత కస్టమర్లు "ఇది మాది కాదు" అన్నారు, కొత్త కస్టమర్లు రాలేదు. మొత్తం చేసింది 26 కార్లు. ఆ దెబ్బకి చాలా ఏళ్ళు ఆకారం జోలికే పోలేదు, 1968లో ప్లస్ 8 తెచ్చినప్పుడు కూడా పాత చొక్కాలోనే రోవర్ కంపెనీ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ కూర్చోబెట్టారు, అది 2004 దాకా నడిచింది. అంటే జనం ఒప్పుకోనిది ముక్కూ మొహం మార్పు, గుండె మార్పు కాదు.

తర్వాత 2000లో ఏరో 8. అది గుర్తుందా ఎవరికైనా? బీఎండబ్ల్యూ వీ8, అతికించి చేసిన అల్యూమినియం ఛాసిస్, ఇంజనీరింగ్‌లో పెద్ద గెంతు. కానీ లైట్లు ఫోక్స్‌వ్యాగన్ కొత్త బీటిల్‌వి తెచ్చి, కుడివి ఎడమకి, ఎడమవి కుడికి మార్చి పెట్టారు. దాంతో కారుకి మెల్లకన్ను వచ్చింది. పత్రికలన్నీ ఎగతాళి చేశాయి. తర్వాత మినీ కారు లైట్లు పెట్టాక గానీ చూపు సరికాలేదు. ఆనాడు ఏరోని తిట్టినవాళ్ళే ఇవాళ దాన్ని దాచుకోవాల్సిన బండి అంటున్నారు. సూపర్‌స్పోర్ట్‌కి కూడా పదేళ్ళు ఇవ్వండి.

తెనాలి బ్రో, నీ ప్రశ్నకి వస్తా. ఇనుప ఛాసిస్ అంటే 1936 నుంచి 2020 దాకా ఒకే వంశం. దాని ముందు చక్రాలకి స్లైడింగ్ పిల్లర్ సస్పెన్షన్, అంటే చక్రం ఒక నిలువు కమ్మీ మీద పైకీ కిందికీ జారుతుంది, ఆ ఆలోచన 1909 నాటి మొదటి బండిదే. పాత కార్లలో అయితే కాలి దగ్గర ఒక బటన్ ఉండేది, దాన్ని తొక్కితే ఇంజన్ ఆయిల్ కాస్త ఆ కమ్మీల్లోకి పోయేది. వినడానికి ముచ్చటగా ఉంటుంది, గతుకుల రోడ్డు మీద మాత్రం నడుము చెప్తుంది కథ. 2019లో ప్లస్ సిక్స్‌తో వచ్చిన సీఎక్స్ ప్లాట్‌ఫాం, అంటే ఆ కొత్త ఛాసిస్, అల్యూమినియం, వంద కిలోల లోపే ఉంటుంది, సస్పెన్షన్ మామూలు కార్లలాగే డబుల్ విష్‌బోన్, అంటే చక్రాన్ని పైనా కిందా రెండు చేతులు పట్టుకుంటాయి. అదే ప్లాట్‌ఫాం మీద 2020 ప్లస్ ఫోర్, బీఎండబ్ల్యూ రెండు లీటర్ల టర్బో, 255 హార్స్‌పవర్, కారు బరువు టన్ను చుట్టుపక్కల. మాన్యువల్ గేరుతో కూడా వచ్చింది. పాత ఫోర్డ్ ఇంజన్ ప్లస్ 4కి 154. నేను రెండూ నడిపాను. పాతదానితో రోడ్డు మీద కుస్తీ పట్టాలి, కొత్తదానితో నిజంగా ఊరికి వెళ్ళి రావచ్చు. బయట నుంచి చూస్తే ఏది ఏదో మీ పెట్రోల్ బంకు పెద్దాయన కూడా రెండోసారి చూస్తే గానీ చెప్పలేడు. నా ఓటు కొత్తదానికి, అదీ మాన్యువల్‌కి.

ఈవీ_రాజా:
పెద్దలు తిట్టుకోకండి గానీ, లక్ష పౌండ్లు పెట్టి వాన పడితే ఆగి టాప్ కప్పుకునే కారు... అదే ఇండియాకి తెప్పిస్తే సుంకమే ఇంకో కారు ధర అవుతుంది. 2023లో వీళ్ళే ఎక్స్‌పీ-1 అని కరెంటు మూడు చక్రాలది ప్రయోగానికి చేశారు, అది అమ్మితే మాట్లాడదాం. అప్పటిదాకా ఇది రిటైరైన డాక్టర్ల బొమ్మ 😄

వడ్రంగి_మనవడు:
రాజా, బొమ్మే. ఒప్పుకుంటా. కానీ ఆ బొమ్మ ఎలా చేస్తారో ఒకసారి చూసి రా, తర్వాత మాట్లాడు.

నేను బర్మింగ్‌హామ్‌లో చదువుకునేటప్పుడు మాల్వెర్న్ లింక్‌లో ఫ్యాక్టరీ చూడ్డానికి వెళ్ళాను. టికెట్ కొనుక్కుంటే చూపిస్తారు. పికర్స్‌లీ రోడ్డు మీద ఎర్ర ఇటుకల షెడ్లు, వరసగా. మన ఊళ్ళల్లో పాత రైస్ మిల్లు ఉంటుంది చూశారా, అచ్చం అలాగే. నేల వాలుగా ఉంటుంది, తయారవుతున్న కారుని ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి మనుషులే తోసుకెళ్తున్నారు. కన్వేయర్ బెల్టు లేదు, రోబో లేదు.

చాలామంది ఛాసిస్సే చెక్క అనుకుంటారు, కాదు. ఛాసిస్ లోహం, దాని మీద బాడీకి పంజరంలా ఉండే ఫ్రేమ్ చెక్క. ఆ చెక్క యాష్ అనే చెట్టుది. బూడిద కాదు బాబూ, చెట్టు పేరే అది. క్రికెట్ స్టంపులు చేసేది కూడా దాంతోనే, తేలిగ్గా ఉంటుంది, దెబ్బకి వంగుతుంది గానీ విరగదు. వెనక చక్రం మీద వంపు ఉంటుంది కదా, దానికి ఒకే దుంగని చెక్కరు. మూడు పలచటి పట్టీలు తీసుకుని జిగురు రాసి ఒకదాని మీద ఒకటి పెట్టి పాత చెక్క అచ్చులో బిగిస్తారు. నేను చూసినప్పుడు ఒకాయన బిగింపులు తిప్పుతున్నాడు, ప్రతి తిప్పుకీ అంచుల్లోంచి జిగురు పూసలు పూసలుగా బయటికి వచ్చింది, ఆయన బొటనవేలితో ఒక్క గీత గీసి తుడిచేసి ఆప్రాన్‌కి రాసుకున్నాడు. ఆ ఆప్రాన్ మీద ఎన్నేళ్ళ జిగురో, అట్ట కట్టుకుపోయి ఉంది.

మా తాత ఎడ్లబండ్లు చేసేవాడు. చక్రానికి తుమ్మ చెక్కే వాడాలనేవాడు. ఇనుప పట్టా ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి నీళ్ళు పోసేవాళ్ళు, చిన్నప్పుడు ఆ బుస్సుమనే చప్పుడు కోసం స్కూలు ఎగ్గొట్టేవాణ్ణి. తర్వాత ఊళ్ళో టైరు బండ్లు వచ్చాయి. తాత తిట్టుకుంటూనే మొదటి టైరు బండి చేసిందీ ఆయనే. ఇరుసు లారీది, టైర్లు లారీవి, పైన తొట్టి మాత్రం ఆయన చేతిది. రైతులు "ఫలానా ఆయన బండి" అనే అన్నారు గానీ "లారీ బండి" అనలేదు.

అందుకే పద్మిని గారూ, బీఎండబ్ల్యూ ఇంజన్, అల్యూమినియం ఛాసిస్ నాకు ఇబ్బంది కాదు. సూపర్‌స్పోర్ట్‌లో కూడా ఆ యాష్ ఫ్రేమ్ ఉంది, చెక్కేది ఆ షెడ్డులోనే. నాకు ఇబ్బందల్లా అది బయటికి కనిపించకుండా దాచేయడం. చేత్తో చేసింది అచ్చుపోసినట్టు నున్నగా కనపడితే, చేత్తో చేసి ఏం లాభం?

బుల్లెట్_బాబాయ్:
మనవడా, చివరి మాట బాగా చెప్పావు, కానీ చట్టం సంగతి మర్చిపోయారు అందరూ. కంపెనీ సరదాకి మారట్లేదు. 2011లో మళ్ళీ తెచ్చిన త్రీ వీలర్ తీసుకోండి, ముందు బయటికి పొడుచుకొచ్చిన రెండు లీటర్ల వీ-ట్విన్ (V ఆకారంలో రెండు సిలిండర్ల ఇంజన్), జనం వెర్రెత్తిపోయారు. ఆ ఇంజన్ కాలుష్యం నిబంధనలు దాటలేకపోయింది, 2021లో ఆపేశారు. దాని బదులు 2022లో సూపర్ 3, ఫోర్డ్ మూడు సిలిండర్ల ఇంజన్, 118 హార్స్‌పవర్, ఇంజన్ బానెట్ లోపలికి పోయింది, బాడీ అల్యూమినియం మోనోకాక్, అంటే బాడీయే చట్రం పని చేస్తుంది. ఇంజన్ లోపలికి పోయాక ముందుభాగం ఎలా ఉండాలి? పాతదానిలా ఉత్తుత్తి సిలిండర్లు అతికించొచ్చు. వాళ్ళు ఆ పని చేయలేదు. ముందు పోత పోసిన అల్యూమినియం చట్రాన్ని దాచకుండా అలాగే వదిలేశారు, జెట్ విమానాల కాలం లుక్కు తెచ్చారు. నాకైతే పాతదాని కన్నా అదే నిజాయితీగా అనిపించింది.

మన బుల్లెట్‌కీ ఇదే జరగలేదా? అది పుట్టిన రెడిచ్ కూడా మోర్గాన్ వాళ్ళ వూస్టర్‌షైర్‌లోదే. కుడికాలి గేరు ఎడమకి మారినప్పుడు నేను ఏడ్చినంత పని చేశాను. 2009లో క్లాసిక్ వచ్చినప్పుడు "పోత ఇనుము ఇంజన్ పోయింది, చప్పుడు పోయింది, ఇక అయిపోయింది" అన్నాను. 2021లో మళ్ళీ కొత్త ఇంజన్‌తో క్లాసిక్ వస్తే, అప్పటికి ఆ 2009 చప్పుడు కోసమే బెంగపెట్టుకున్నాను! అంటే మనం వెనక్కి లెక్కపెట్టుకుంటూ ఏడుస్తాం అన్నమాట. ఇప్పుడు నా దగ్గర రెండూ ఉన్నాయి. పాతది ఆదివారం తుడుస్తాను. కొత్తదాని మీద శ్రీశైలం వెళ్తాను.

పద్మిని78:
బాబాయ్ గారు ఇలా తుడవడం, నడపడం అని విడదీశాక నా దగ్గర జవాబు లేదు. నా గ్యారేజీలో ఐదు బండ్లుంటే కదిలేవి రెండు. సూపర్ 3 విషయం ఒప్పుకుంటున్నా. సూపర్‌స్పోర్ట్ విషయం ఒప్పుకోను, ఆ గ్రిల్ నాకు నచ్చలేదు, అంతే. వయసు అయిపోయినవాడి మొండితనం అనుకోండి.

పానా గారూ, 26 కార్ల ప్లస్ ఫోర్ ప్లస్ మాట ఎత్తారు కదా, ఇప్పుడు దాని కోసం వేలం పాటల్లో ఎగబడుతున్నారు. అంటే వాళ్ళు తప్పు చేశారా, ముందే చేశారా అని నాకు ఇప్పటికీ తేలలేదు.

తెనాలి_టు_కవెంట్రీ:
అందరికీ థాంక్స్. ఇంత మంది ఇంత రాస్తారనుకోలేదు. పానా అన్నా, మాన్యువల్ ప్లస్ ఫోర్ ఒకటి 2021ది చెల్టెన్‌హామ్ దగ్గర అమ్మకానికి ఉంది, శనివారం చూసి నడపడానికి మాట్లాడుకున్నా. అదే రోజు సాయంత్రం దారిలో ఒక ఇనుప ఛాసిస్‌ది కూడా చూస్తా, లేకపోతే పద్మిని గారు ఊరుకోరు. మనవడు బ్రో చెప్పిన చెక్క ఫ్రేమ్ గుర్తుపెట్టుకుని ముందు వేలితో తలుపు అంచు తట్టి చూస్తా, చెక్క చప్పుడు వస్తుందో లేదో.

ఇంట్లో మాత్రం ఇంకా పర్మిషన్ రాలేదు. మా ఆవిడకి ఫొటోలు చూపిస్తే పాతదా కొత్తదా అని అడగనే లేదు. "రెండు సీట్లే కదా, పాపని ఎక్కడ కూర్చోబెడతావు?" అంది. దీనికి ఎవరి దగ్గరైనా సమాధానం ఉంటే శుక్రవారం లోపు చెప్పండి.